లేని యంత్రానికి భాగహారం

సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసిన తొమ్మిదేళ్ళలో నేను ఒకే ఒక మనిషిని ద్వేషించాను. ఆయన మా చీఫ్ కెమిస్టు. ఇన్నేళ్ళ తర్వాత కాస్త మెత్తగా చెప్పొచ్చేమో గానీ, అది అబద్ధమవుతుంది. ఆయనకీ నేనంటే పడేది కాదు. ఆ సంగతి ఆయన దాచుకునేవాడు కాదు, నేనూ దాచుకోలేదు.

ఫ్యాక్టరీ జగ్గయ్యపేట దాటి వేదాద్రి వైపు వెళ్ళే దారిలో ఉండేది. మా ఇల్లు నందిగామలో. మావారు అక్కడ హైస్కూల్లో టీచరు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, డెబ్భైల చివర్లో ఫ్యాక్టరీలో స్టాటిస్టిక్స్ అసిస్టెంటుగా చేరాను. పొద్దున్నే బస్సెక్కి చిల్లకల్లులో దిగితే కంపెనీ వ్యాను ఎక్కించుకునేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలలో, కనురెప్పల మీద, చెవి కమ్మల సందుల్లో కూడా సిమెంటు పొడే.

నేను చేరిన రెండేళ్ళకి కంప్యూటరు వచ్చింది. ఇనప బీరువాలో సగం ఉండేది. దాని జ్ఞాపకశక్తి మొత్తం ముప్ఫై రెండు కిలోబైట్లు. ఈ రోజుల్లో ఫోనులో తీసిన ఒక్క ఫోటోకి అలాంటివి వంద పెట్టినా చాలవు. జీతాల పట్టీలు, స్టోర్సు లెక్కలు దాని మీద వేసేవాళ్ళం. దాన్ని నడపడం నేర్చుకోమని నన్ను మూడు వారాలు మద్రాసు పంపించారు. తిరిగొచ్చేసరికి నా గదికి ఏసీ పెట్టారు. మిషను వేడెక్కకూడదు కదా.

చీఫ్ కెమిస్టుతో గొడవ అక్కడే మొదలైంది. ల్యాబు నా గది పక్కనే. అక్కడ రోజంతా బర్నర్లు మండుతూ ఉంటాయి. త్రాసు ఊగుతుందని తూకం వేసేటప్పుడు ఫ్యాను కూడా ఆపేస్తారు. మే నెలలో ఆ ల్యాబులో నిలబడి పనిచేయడం ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు. ఆయన నా గుమ్మం ముందు నుంచి వెళ్తూ, లోపలికి చూడకుండా, గట్టిగా అనేవాడు.

"మిషనుకి ఏసీ. మనుషులకి ఉప్పుకలిపిన మజ్జిగ."

ఆయనకి అప్పటికే యాభై దాటాయి. పొట్టి చేతుల తెల్ల చొక్కా, దాని మీద యాసిడ్ పడి కాలిన చిల్లులు. చేతిలో ఎప్పుడూ గట్టి అట్ట రిజిస్టరు, జేబులో ఎర్ర పెన్సిలు. ముడిసరుకు నూరే రా మిల్లులో రాయి, మట్టి, ఇనుప ఖనిజం కలిపి మెత్తగా నూరతారు. ఆ పొడిలో సున్నం ఎంతుందో గంటగంటకీ ల్యాబులో పరీక్ష చేస్తారు. ఎక్కువైతే సున్నపురాయి వదిలే ఫీడరుని, దాని డయలు మీద కొన్ని గీతలు తగ్గించాలి, తక్కువైతే పెంచాలి. ఎన్ని గీతలన్నది ఆయన కాగితం కూడా వాడకుండా నోటితో చెప్పేసేవాడు. ఇరవై ఏళ్ళుగా అది ఆయన పని.

ఆ పనినే కంప్యూటరుతో చేయించాలని హెడ్డాఫీసు తలపెట్టింది. అన్ని ఫ్యాక్టరీల్లో ఒకే పద్ధతిలో లెక్క జరగాలని వాళ్ళ కొత్త కంప్యూటరు మీద పాస్కల్ భాషలో ఒక ప్రోగ్రాం రాయించారు. అది మా పాత మిషను మీద నడుస్తుందా అని వర్క్స్ మేనేజరు నన్ను పిలిచి అడిగాడు. చీఫ్ కెమిస్టు అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఉన్నపళంగా నడవదండి. కానీ నడిపించొచ్చు" అన్నాను.

"ఎందుకు నడిపించడం?" అన్నాడు కెమిస్టు, మేనేజరు వైపు చూస్తూ. "ఆ పని నేను చేస్తున్నాగా."

మేనేజరు నావైపు తిరిగాడు. ఎంత కాలం పడుతుందని నన్నడిగాడు. ఆరు నెలలన్నాను.

నేను చేయబోయిన పని గురించి కాస్త చెప్పాలి. ఆ పాస్కల్ ప్రోగ్రాం ఏ నిజమైన కంప్యూటరుకీ అర్థమయ్యే మాటల్లో ఉండదు. ఒక ఊహా యంత్రం ఉందనుకుని, దానికి అర్థమయ్యే ఆజ్ఞల్లోకి మారి వస్తుంది. ఆ యంత్రం లోకంలో ఎక్కడా లేదు. ప్రతి అసలు కంప్యూటరు మీదా ఎవరో ఒకరు కూర్చుని, ఆ లేని యంత్రంలా నటించే చిన్న ప్రోగ్రాం ఒకటి రాయాలి. అది రాస్తే చాలు, ఒక చోట తయారైన ప్రోగ్రాం ఇంకో చోట అక్షరం మార్చకుండా నడుస్తుంది, అవే జవాబులిస్తుంది. దాని ప్రయోజనమంతా అందులోనే ఉంది. మా మిషనుకి ఆ నటన నేర్పడం నా పని.

హెడ్డాఫీసు నుంచి ఆజ్ఞల పట్టిక ఫోటోకాపీ వచ్చింది. సగం పేజీల్లో అంచులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ప్రోగ్రాం మాత్రం అంకెల రూపంలో కాగితం మీద అచ్చయి, పోస్టులో వచ్చింది. వాళ్ళ ఫ్లాపీ మా మిషనులో పట్టదు. అందుకని ఆ అంకెలన్నీ నేనే చేత్తో కొట్టాను. నూట పదకొండు పేజీలు. వరస చివర కూడిక సరిపోకపోతే ఆ వరస మళ్ళీ మొదటి నుంచీ కొట్టాలి.

చోటు చాలేది కాదు. లేని యంత్రానికి చాలా ఆజ్ఞలున్నాయి. మా లెక్కకి అవసరం లేని వాటిని కొట్టేశాను. దశాంశాల ఊసే లేకుండా హెడ్డాఫీసు వాళ్ళు అన్నిటినీ వందతో హెచ్చవేసి పూర్తి సంఖ్యలు చేశారు, అది నా అదృష్టం. మిగతా ఆజ్ఞల్ని ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయాను. ఒక్కో బైటు మిగిలితే పొంగిపోయేదాన్ని. బస్సులో కూర్చుని టికెట్టు వెనకాల రాసుకునేదాన్ని.

ఆ నెలల్లో మేమిద్దరం ఒకరికొకరు చేసుకున్న అపకారాలు తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. పరీక్షించుకోడానికి పాత రీడింగులు కావాలని ల్యాబుకి వెళ్ళి అడిగితే, ఆయన రిజిస్టరు మూసి మీద చెయ్యి పెట్టాడు.

"నీ లెక్కలకి అంకెలు నువ్వే పుట్టించుకో. ఇవి రాయి నుంచి వచ్చినవి."

ఇంకో రోజు నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి నా ఏసీ ఆపేసి ఉంది. కరెంటు దండగవుతోందని ఆయనే ఆపించాడట. మిషను ఆగిపోయి, పొద్దుటి నుంచి కొట్టిన అంకెలన్నీ పోయాయి. నేనేం తక్కువ తినలేదు. ల్యాబులోంచి వచ్చే యాసిడ్ ఆవిరికి మిషను లోపలి తీగలు తుప్పు పడుతున్నాయని మేనేజరుకి కాగితం పెట్టాను. అందులో కొంత నిజమే. కానీ నేను కోరింది వరండాలోకి తెరుచుకునే ల్యాబు తలుపు మూయించమని. మేనేజరు మేకులు కొట్టించి మూయించాడు. అది ఏప్రిల్ చివర. ల్యాబుకి గాలి వచ్చే దారి అదొక్కటే. ఆ వేసవంతా ఆయనా, ఆయన కింద ఆరుగురూ ఆ ఉక్కలో పనిచేశారు. నాకు ఆ రోజు సంతోషమే కలిగింది.

ఇంట్లో భోజనం దగ్గర కూడా ఆయన గురించే మాట్లాడేదాన్ని. ఒకరోజు మావారు కంచం ముందు చెయ్యి ఆపి, "ఈ పూటకి ఆయన్ని ఫ్యాక్టరీలోనే వదిలెయ్" అన్నారు. ఆ పూటకి వదిలేశాను.

భాగహారం ఆజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఐదో నెల. మా మిషనుకి కూడిక, తీసివేత తప్ప ఏమీ రావు. భాగించడం మనమే నేర్పాలి. మామూలు సంఖ్యలకి రాయడం సులువు. మైనస్ సంఖ్యలొస్తే ఏం చేయాలన్నది పట్టికలో స్పష్టంగా లేదు. ఆ వరస సగం నల్లటి మరకలో పోయింది. హెడ్డాఫీసుకి ఉత్తరం రాసి అడగొచ్చు. అడగలేదు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినదాన్ని. శేషం ఎప్పుడూ మైనస్ కాకూడదని చదువుకున్నాను. ఆ ప్రకారం మైనస్ ఏడుని రెండుతో భాగిస్తే మైనస్ నాలుగు, శేషం ఒకటి. అలాగే రాశాను. అందంగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

వర్షాలు మొదలయ్యేసరికి మా మిషను ఆ ప్రోగ్రాంని నడిపింది. రీడింగు కొడితే పద్దెనిమిది సెకన్లకి జవాబు వచ్చేది. మేనేజరు వచ్చి నిలబడి చూసి, రేపటి నుంచి ఫీడరు మిషను చెప్పిన ప్రకారమే తిప్పాలని నోటీసు పెట్టించాడు. చీఫ్ కెమిస్టు ఆ నోటీసు కింద సంతకం చేశాడు. పెన్సిలు కాగితంలోకి దిగిపోయేలా చేశాడు.

రీడింగులు మిషనులోకి ఎక్కించే పని ఒక షిఫ్టు కెమిస్టుకి అప్పగించారు. కోదాడ వైపు మనిషి, నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఇద్దరి మధ్యా నలిగిపోయేవాడు పాపం. మూడు వారాలయ్యాక ఒకరోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"మేడం, సారు మిషను చెప్పినట్టు తిప్పనిస్తలేడు. అప్పుడప్పుడు ఒక గీత ఎక్కువ పెట్టిస్తుండు."

నాకు ఒళ్ళు మండింది. నా పనిని చెడగొట్టడానికే ఇదంతా అనుకున్నాను. ఎందుకు పెట్టిస్తున్నాడని ఆ మనిషిని అడగను కూడా అడగలేదు. తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాను. మర్నాడు పొద్దున్నే ముగ్గుర్నీ పిలిచాడు.

చీఫ్ కెమిస్టు రిజిస్టరు బల్ల మీద తెరిచి పెట్టాడు. కొన్ని వరసల కింద ఎర్ర గీతలు.

"మిషను సరిగానే చెబుతుంది సార్, కానీ అన్నిసార్లూ కాదు. ఒకవైపుకి ఒరుగుతోంది. సున్నం తగ్గించమన్నప్పుడు అవసరానికి మించి ఒక గీత తగ్గిస్తోంది. అలాగే వదిలేస్తే కిల్ను బట్టీలోంచి పొడి బయటికొస్తుంది, సిమెంటు కాదు."

"మరి నాకు చెప్పలేదే?" అన్నాను.

ఆయన నావైపు తిరగలేదు. "ఆవిడకి చెప్పడానికి మధ్యలో తలుపొకటి ఉండాలి కదండీ. మేకులు కొట్టించారు."

మేనేజరుకి విసుగొచ్చింది. రెండు రోజుల్లో రిపోర్టు రాసిమ్మని నాకు చెప్పి పంపించేశాడు.

ఆయనది అబద్ధమని నిరూపించాలన్న పట్టుదలతో కూర్చున్నాను. ఎర్ర గీతల రీడింగులు తీసుకుని, కాగితం మీద నేనే ఆ లేని యంత్రాన్నయి, ఒక్కో ఆజ్ఞనీ చేత్తో నడిపించాను. ఐదో రీడింగు దగ్గర చెయ్యి ఆగింది. ఎర్ర గీత పడ్డ ప్రతి చోటా మైనస్ సంఖ్యని భాగించాల్సి వచ్చింది. నేను చదువుకున్న పద్ధతిలో అది కిందికి దిగుతుంది. ప్రోగ్రాం రాసినవాళ్ళు మాత్రం యంత్రం మిగిలిన ముక్కని వదిలేసి సున్నా వైపుకి జరుగుతుందని నమ్మి రాశారు. మూడున్నర గీతలు తగ్గించాల్సిన చోట వాళ్ళది మూడంటుంది, నాది నాలుగంటుంది. తప్పు పూర్తిగా నాదే. సరిచేయడానికి పదకొండు బైట్లు పట్టాయి. అరగంటలో అయిపోయింది.

తర్వాత రిపోర్టు రాశాను. రీడింగులు మిషనులోకి ఎక్కించేటప్పుడు ల్యాబు వైపు పొరపాట్లు జరిగాయని రాశాను.

ఎందుకలా రాశానని ఎవరూ నన్ను అడగలేదు. నేను మాత్రం చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం లేదు. ఆయన ముందు తప్పు ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. రాసేటప్పుడు నా కళ్ళ ముందున్నది ఆయనే. కానీ రీడింగులు ఎక్కించేది ఆయన కాదు. వారం తిరక్కుండా కోదాడ మనిషిని గని దగ్గర నమూనా రాళ్ళు ఏరే పనికి పంపించేశారు. వానకీ ఎండకీ నీడ లేని చోట, రాళ్ళ పేలుళ్ళ మధ్య. వెళ్ళేటప్పుడు నా గుమ్మం దగ్గర ఆగాడు. "నేను అంకెలు సరిగ్గనే కొట్టిన మేడం" అన్నాడు. నేను స్క్రీను చూస్తూ తలూపాను.

ఇంకో పది రోజులకి చీఫ్ కెమిస్టు నా గదిలోకి వచ్చాడు. అన్నేళ్ళలో లోపలికి రావడం అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి మరీ వచ్చాడు. చేతిలో ఒక కవరు.

"నలభై రీడింగులు హెడ్డాఫీసు ల్యాబుకి పోస్టు చేసా. వాళ్ళ మిషను మీద వేసి జవాబులు పంపమన్నా. ఇదిగో, వచ్చాయి." కాగితం నా బల్ల మీద పెట్టాడు. "ప్లస్సులన్నీ నీ జవాబులే. మైనస్సుల్లో తేడా. అదే ప్రోగ్రాం కదమ్మా, రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు చెబుతుంది?"

నేను కాగితం ముందుకి లాక్కుని మైనస్సుల వరసలు చూశాను.

"దానికంటే చిత్రం ఇంకోటుంది. నువ్వు రిపోర్టు రాసిచ్చిన రోజు నుంచి నీ మిషను కూడా వాళ్ళు చెప్పిందే చెబుతోంది. రీడింగులు కొట్టే మనిషి మారక ముందు నుంచే. నేను రాసుకున్నా." రిజిస్టరు తెరవబోయి మానేశాడు. "నాకు కంప్యూటరు రాదు. భాగహారం వచ్చు."

"ఏం చేయమంటారు?" అన్నాను.

"నువ్వేం చేస్తావో నాకు అనవసరం. ఆ మనిషికి ముగ్గురు పిల్లలు. శనివారంలోగా వెనక్కి రావాలి. రాకపోతే ఈ కాయితం మేనేజరు బల్ల మీద ఉంటుంది."

"నన్ను ఉద్యోగంలోంచి తీయించడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు మీకు. ఇప్పుడే పెట్టెయ్యొచ్చుగా."

"పెట్టొచ్చు" అన్నాడు. "పెడితే నువ్వు పోతావు. వాడు గనిలోనే ఉంటాడు. రిపోర్టు నీది, నువ్వే మార్చాలి." వెళ్ళిపోతూ చెప్పులేసుకుని, గుమ్మం అవతల నుంచి అన్నాడు. "నువ్వంటే నాకు గౌరవం ఎప్పుడూ లేదు. ఇప్పుడు లేకపోవడానికి కారణం కూడా దొరికింది."

ఆ మధ్యాహ్నమే రెండో రిపోర్టు రాశాను. భాగహారం ఎక్కడ తప్పు రాశానో, ఎప్పుడు దిద్దానో, మొదటి రిపోర్టులో ఏది అబద్ధమో, అంతా రాశాను. తీసుకెళ్ళి ఇస్తే మేనేజరు మొదటి నాలుగు వరసలు చదివి పక్కన పెట్టాడు.

"ఇప్పుడు మిషను సరిగ్గా పనిచేస్తోంది కదా? మళ్ళీ ఇదెందుకమ్మా, ఫైలు పెంచుకోడానికి?"

"ఆయన్ని వెనక్కి పిలవాలండి."

పిలిచారు. నాకు ఒక మెమో ఇచ్చారు, అంతే. గని నుంచి తిరిగొచ్చిన షిఫ్టు కెమిస్టుకి నేను ఎదురెళ్ళి, తప్పు నాది, క్షమించండి అన్నాను. ఆయన ఎండకి కమిలిపోయి ఉన్నాడు. "సరే మేడం" అన్నాడు. ఆ తర్వాత రోజూ నా గదికి వచ్చి, రీడింగులు కొట్టి, కాగితం తీసుకుని వెళ్ళేవాడు. పనికి మించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. చీఫ్ కెమిస్టు కోపం నేను భరించగలిగాను. ఈయన మౌనం చాలా కష్టంగా ఉండేది.

ల్యాబు తలుపుకి మేకులు తీయించమని నేనే కాగితం పెట్టాను. తీశారు.  చీఫ్ కెమిస్టు నుంచి నేనేమీ ఆశించలేదు.

మరుసటి ఏడు హెడ్డాఫీసు నుంచి ఇంకో పని వచ్చింది. మరో ఫ్యాక్టరీలో మాకంటే పాత మిషను ఉంది. దానికి జ్ఞాపకశక్తి మాదాంట్లో సగమే. ఆ ప్రోగ్రాంని దాని మీద కూడా నడిపించమన్నారు. ఈసారి పని పూర్తికాగానే ల్యాబుకి వెళ్ళాను. ఆయన బ్యూరెట్ గొట్టం కింద చుక్కలు లెక్కపెడుతున్నాడు. అయ్యేదాకా నిలబడ్డాను.

"నా భాగహారాన్ని పరీక్షించడానికి లెక్కలు కావాలండి. మీరు రాసివ్వాలి."

"నేనెందుకు?"

"నన్ను తప్పు పట్టాలని మీకున్నంత కోరిక ఇంకెవరికీ లేదు కాబట్టి."

తలెత్తి చూశాడు. నవ్వలేదు. "దాన్లో పట్టే పెద్ద సంఖ్యెంత?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. "చిన్నది?" అదీ చెప్పాను. రాసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత షిఫ్టు కెమిస్టు చేత అరవై లెక్కలు పంపించాడు. చూడగానే తెలిసింది, ఒక్కటి కూడా రా మిల్లులో వచ్చే రీడింగు కాదు. అన్నీ నన్ను పడగొట్టడానికి కట్టినవే. యాభై ఏడు నెగ్గాయి. మూడు ఓడాయి. వాటిలో ఒకటి, మిషనులో పట్టే అతి చిన్న మైనస్ సంఖ్యని మైనస్ ఒకటితో భాగించడం. జవాబు మిషనులో పట్టే పెద్ద సంఖ్యకంటే ఒకటి ఎక్కువ అవుతుంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. దిద్ది మళ్ళీ పంపించాను. కాగితం అడుగున ఎర్ర పెన్సిలుతో "సరే" అని రాసి వెనక్కి వచ్చింది. సంతకం లేదు.

అలా ఇంకో రెండుసార్లు జరిగింది. మూడోసారికి ఒక్క లెక్క కూడా ఓడలేదు. ఆ కాగితం మీద ఆయన ఏమీ రాయలేదు.

ఆయన రిటైరైన రోజు ల్యాబులో చిన్న సభ పెట్టారు. నన్నూ పిలిచారు, వెళ్ళి వెనక నిలబడ్డాను. రిజిస్టరు కొత్త చీఫ్ కెమిస్టు చేతికిస్తూ, నేను వింటున్నానని తెలిసే అన్నాడు. "ఈవిడ మిషను కాయితం మీద లెక్క చూడకుండా సంతకం పెట్టకండి."

కొత్తాయన నవ్వాడు. మంచి మనిషి. మర్నాడు నా గదికొచ్చి, పిల్లలెంత మందని అడిగి, టీ తెప్పించాడు. మిషను ఇచ్చిన కాగితాలన్నిటి మీదా చూడకుండానే సంతకాలు పెట్టాడు. ఒక్కసారి చూడండి సార్ అన్నాను. మీరుండగా నేనెందుకు మేడం అన్నాడు. ఆ మాటకి నాకు సంతోషం కలగలేదు. ఆ నెల నుంచి ఎర్ర పెన్సిలు ఒకటి కొనుక్కుని, రోజూ పొద్దున్నే ముందు రోజు కాగితాల్లోంచి పది తీసి, చేత్తో భాగించి చూసుకోవడం మొదలుపెట్టాను.